ఆలస్యానికి కారణం అన్న గడిలో నేను రాసింది

మా తమ్ముడి మనవరాలు ఈ మధ్యనే ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరింది. మొన్న ఫోన్ చేసి, "తాతయ్యా, ఫారంలో ఒక గడికి ఏం రాయాలో తెలియక అడిగితే, పాత ఫైల్లో ఏముంటే అదే దించెయ్యమన్నారు. దించెయ్యనా?" అంది. రెండు రోజులు ఆగమన్నాను. ఆమెకు ఒక పేజీ రాద్దామని కూర్చుంటే ఇంత అయింది. ఆమె ఈడు వాళ్లు ఇంకెవరైనా చదివినా నాకు అభ్యంతరం లేదు.

నేను పోలీసు శాఖలో ముప్పై ఏళ్లు దాటి పనిచేశాను. అందులో ఎక్కువ కాలం స్టేషన్ రైటర్‌ని. రైటర్ అంటే హెడ్ కానిస్టేబుల్ హోదాలో ఉండి, స్టేషన్లో ప్రతి కాగితమూ రాసేవాడు. ఫిర్యాదు నమోదు చేయడం, రిజిస్టర్లు నింపడం, కోర్టుకు పంపడం అంతా నా చేతి మీదుగానే జరిగేది. నా అక్షరం గుండ్రంగా ఉంటుందని జిల్లా ఆఫీసులో కూడా పేరు. ఇంటికొచ్చాక డైరీ రాసుకోవడం వేరే అలవాటు. అవన్నీ ఏడాదివారీగా కట్టగట్టి ఉన్నాయి. ఇప్పుడు చెప్పబోయేది తొంభైల చివరి కట్టలోది.

అప్పుడు నా ఇల్లు నర్సీపట్నంలో. పని చేసేది దగ్గర్లోని ఒక స్టేషన్లో. ఏ స్టేషనో చెప్పను. జరిగిన పొరపాటు స్టేషనుది కాదు, నాది.

అది మార్చి నెలాఖరు. సాయంత్రం నాలుగు దాటాక ఒక టాక్సీ డ్రైవర్ వచ్చాడు. నలభై దాటిన మనిషి, పలచగా, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. గొలుగొండ వైపు ఒక ఊళ్లో చెరకు, జీడితోటలు ఉన్న రైతుకు ఒక అంబాసిడర్ ఉండేది, పెళ్లిళ్లకూ ప్రయాణాలకూ అద్దెకు తిప్పేవాడు. తొమ్మిదేళ్లుగా దాన్ని నడిపేది ఈయనే. మిషన్ చర్చి తరఫు కుటుంబం. ఆదివారం ప్రార్థనలో వాక్యం చదివేది ఈయనేనని మా కానిస్టేబుల్ ఒకాయన చెప్పగా విన్నాను.

"రైటర్ గారూ, కంప్లయింట్ ఇవ్వాలండి," అన్నాడు నిలబడే.

ఆ మధ్యాహ్నం జరిగింది చిన్నదే. కృష్ణదేవిపేటలో పార్టీని దించి ఖాళీ బండితో వస్తున్నాడు. వెనకనుంచి పచ్చ రంగు జీపు ఒకటి దాటి, దాటీ దాటకుండానే ఎడమకు వచ్చేసింది. జీపు వెనక ఎడమ మూల కారు కుడి మడ్‌గార్డును గీరేసింది. ఈయన పక్కకు తిప్పితే కారు పోయి కల్వర్టు గోడకు తగిలింది. ఎడమ హెడ్‌లైటు పగిలింది, బంపరు వంగింది. మనిషికి చిన్న దెబ్బ కూడా లేదు. జీపు ఆగలేదు.

"నంబరు?"

"కానరానేదండి. వెనకాల జీడిపిక్కల బస్తాలు ఏలాడిపోతన్నాయి. నంబరు పలక మీదికి ఒచ్చీసినాయి. పచ్చ జీపండి. అదే తెలుస్తాది."

"ఎవరైనా చూశారా?"

"తోటలో పిక్కలేరుకున్న ఆడమనిషి ఒకావిడ సూసిందండి." కాస్త ఆగి అన్నాడు. "మా ఓనరుగారు నమ్మడం నేదండి. కునుకు తీసి గోడకి కొట్టీసి జీపు కత సెప్తన్నావంటన్నారు. కుడేపు పచ్చ రంగు గీత ఉన్నాదండి, సూపించినాను. అదెక్కడో సందులో రాసుకున్నాదంటన్నారు. ఆ జీపోడు దొరికితేనే బండి తాళం ఇస్తానన్నారండి."

నేను గోడమీది క్యాలెండర్ చూశాను. మీలో చాలామందికి ఇది అర్థం కాకపోవచ్చు గనుక చెబుతాను. ప్రతి నెలా మొదటి వారంలో పై అధికారి సమావేశం పెట్టి, పోయిన నెల ఎన్ని కేసులు నమోదు చేశారు, అందులో నిందితుడు తెలియనివి ఎన్ని అని అడిగేవారు. తెలియనివి ఎక్కువుంటే ఎస్సైకి అందరి ముందూ అక్షింతలు. అందుకని నెల చివరి రోజుల్లో, ప్రాణానికీ ఆస్తికీ పెద్ద నష్టం లేని ఫిర్యాదు ఎవరైనా తెస్తే, ఒకటో తారీఖున రమ్మని చెప్పడం మాకు అలవాటు. అది కొత్త నెలలో పడుతుంది. దొరకడానికి ముప్పై రోజులు వ్యవధి ఉంటుంది. ఈ పద్ధతి ఏ పుస్తకంలోనూ లేదు. నాకు ముందున్న రైటర్ నేర్పాడు, నా తర్వాతి వాళ్లకు నేను నేర్పాను. దాన్ని ఆలస్యం అనుకునేవాణ్ణి కాదు, పనితనం అనుకునేవాణ్ణి.

"ఒకటో తారీఖు పొద్దున్నే రావయ్యా. శుభ్రంగా రాసి పెడతాను," అన్నాను.

"ఈలోపల ఆడు ఎల్లిపోడండీ?"

"ఎక్కడికెళ్తాడు? ఈ చుట్టుపక్కల పచ్చ జీపులు ఎన్నుంటాయి?"

ఆయన ఇంకేదో అడగబోయి, "సరేనండి" అని వెళ్లిపోయాడు.

ఒకటో తారీఖు పొద్దున నేను మోపెడ్ స్టాండ్ వేసేసరికే బెంచీ మీద ఉన్నాడు. కూర్చోబెట్టి, అన్నీ అడిగి, మూడు పేజీలు రాశాను. అయితే ప్రథమ సమాచార నివేదిక ఫారంలో ఒక గడి ఉంటుంది. సంఘటన జరిగిన రోజుకూ ఫిర్యాదు ఇచ్చిన రోజుకూ తేడా ఉంటే, ఆలస్యానికి కారణం ఏమిటో అందులో రాయాలి. రైటర్ రమ్మన్నాడు గనుక అని రాయలేం కదా. దానికీ మా దగ్గర సిద్ధంగా ఒక వాక్యం ఉండేది: "ఫిర్యాది ఆసుపత్రిలో చికిత్స పొందుతూ ఉన్నందున ఆలస్యమైనది." యాక్సిడెంట్ కేసు అనగానే నా చెయ్యి ఆ వాక్యాన్ని దానంతటదే రాసేసేది. ఆ రోజూ రాసేసింది. సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాను. ఆయన చదవబోతే, "నువ్వు చెప్పిందేనయ్యా, బేగి కానివ్వు, కోర్టు కానిస్టేబుల్ వెళ్లిపోతాడు" అన్నాను. సంతకం పెట్టాడు.

తర్వాత పని మొదలుపెట్టాం. ఎస్సైగారు నాకంటే పదిహేనేళ్లు చిన్న. చురుకైనవాడు. "చిన్న కేసే గాని మీరూ ఒకసారి వెళ్లి చూడండి రైటర్ గారూ, ఎప్పుడూ బల్ల దగ్గరే అయిపోతోంది" అని నన్నూ పంపారు. తోడుగా వచ్చిన కానిస్టేబుల్ ఆ ప్రాంతపువాడే, నోరు ఊరుకోని మనిషి. దారంతా నన్ను ఆటపట్టిస్తూనే ఉన్నాడు. "రైటర్ గారికి ఎండ తగిలితే సిరా ఆరిపోద్దేమో, గొడుగు ఎయ్యమంటారేటండీ?"

జీడితోటలో ఆ ఆడమనిషి దొరికింది. తట్ట దించకుండానే మాట్లాడింది.

"సూసినాను బాబూ. పచ్చ జీపు. తెల్ల కారుని ఇలాగ తోసీసి దుమ్ము లేపుకుంటా ఎల్లిపోనాది. ఆ తెల్ల చొక్కా ఆయన కారు దిగి సేతులు నెత్తినెట్టుకున్నాడు. నాను నీళ్లిచ్చినాను."

"డ్రైవర్ నిద్రపోతున్నట్టు ఏమైనా..."

"నిద్రేటి బాబూ, మిట్టమజ్జానం! ఆడు పోం పోం అని కొడతానే ఉన్నాడు. ఆ జీపోడికే సెవుడు."

"జీపు నంబరు ఏమైనా చూశావా?"

"నాకు నంబరేటి తెలుస్తాది? బస్తాలు తెలుస్తాయి. ఆరేడు ఉంటాయి." మా కానిస్టేబుల్ వైపు చూసి, "అయినా ఇన్నాళ్లకా ఒస్తారు? నాను మర్సిపోయుంటే?" అంది.

కానిస్టేబుల్ నా వైపు చూశాడు. నేను నోట్‌బుక్‌లోకి చూశాను.

కారు దగ్గరికి వెళ్తే, అప్పటికే బాగుచేయించి రంగు కూడా వేయించేశారు. పెళ్లి కిరాయి ఒప్పుకున్నారట, బండి అలా ఎలా పంపుతామన్నాడు ఓనరు. ఆ పచ్చ గీత మీదికి తెల్ల రంగు వచ్చేసింది. గొలుగొండలో, కృష్ణదేవిపేటలో జీపులు ఆగే చోట్లన్నీ అడిగాం. నక్కపల్లి దాకా వెళ్లి, హైవే మీది హోటళ్లలో కూడా విచారించాం. పచ్చ జీపులు నాలుగు కనిపించాయి. నాలుగింటికీ వెనక మూలలు నున్నగా ఉన్నాయి.

డెంటింగ్ షెడ్లు చూద్దామన్న ఆలోచన కానిస్టేబుల్‌దే. నర్సీపట్నం పొలిమేరలో ఒక షెడ్డు ఉండేది. నేను ఇంటినుంచి స్టేషన్‌కి వెళ్లే దారిలోనే. ఆ మేస్త్రీ నాకు తెలిసినవాడే. సుత్తి ఆపకుండానే విన్నాడు.

"పచ్చ జీపా? ఒచ్చినాదండి. పోయిన నెల ఆఖర్లో. ఎనకాల ఎడం మూల నొక్కుకుపోయి, దానిమీద తెల్ల రంగు పూసీసినట్టు ఉన్నాది. నాలుగు రోజులు ఇక్కడే ఉన్నాది. ముప్పయ్యొకటి సాయంత్రం పట్టుకెళ్లిపోనాడు."

"ఎవడు? పేరేంటి? నంబరు?"

"పేరు అడగనేదండి. బావా అంటే బావా అన్నాడు. ఏజెన్సీ కొండల్నుంచి పిక్కలు తోలుతాడంట. నంబరు పలక ఇప్పీసి లోపల పడేసినాం, డెంటింగ్ కదా." అప్పుడు సుత్తి ఆపి నన్ను చూశాడు. "అదేటండీ రైటర్ గారూ, మీరూ సూసినారు కదా. సుక్కురోరం మీ మోపెడ్ పెడల్ ఒదులైపోనాదని నా దగ్గర స్పానర్ అడిగి బిగించుకున్నారు. ఆ జీపుకి సేరబడే బిగించుకున్నారు."

కానిస్టేబుల్ నవ్వబోయి, నా మొహం చూసి మానేశాడు.

ఇంటికి వెళ్లి డైరీ తీశాను. శుక్రవారం పేజీలో ఉంది: "ఎడమ పెడల్ వదులు. షెడ్డులో స్పానర్ తీసుకొని బిగించితిని. ఎండ తీవ్రము." జీపు గురించి ఒక్క ముక్క లేదు. ఎందుకుంటుంది? నా రిజిస్టర్లో ఆ రోజుకు జీపు కేసన్నదే లేదు కదా. ఫిర్యాదు ఇచ్చిన రోజే రాసుకుని ఉంటే, స్పానర్ తిరిగి ఇచ్చేసి జీపు డ్రైవర్ని చెయ్యి పట్టుకుని స్టేషన్‌కి తీసుకుపోయేవాణ్ణి. రోజూ రెండుసార్లు దాని పక్కనుంచే వెళ్లాను.

తర్వాత రెండు వారాలు ఏజెన్సీ దారిలో చెక్‌పోస్టుల దగ్గర కాపలా కూడా పెట్టించాం. మేస్త్రీని కూర్చోబెట్టి పచ్చ జీపులన్నీ చూపించాం. అప్పటికి వాడు రంగే మార్చేశాడో, బండే అమ్మేశాడో. దొరకలేదు.

మే నెల వచ్చేసరికి ఎస్సైగారు ఫైలు ముగించమన్నారు. ముగించడానికి దారులున్నాయి. ఫిర్యాదే పొరపాటు, డ్రైవర్ తన అజాగ్రత్త వల్లే గోడకు కొట్టాడు అని ముగిస్తే, అది తెలియని కేసుల లెక్కలోకి రాదు. సంఘటన నిజమే, నిందితుడి ఆచూకీ తెలియలేదు అని ముగిస్తే, ఏడాది పొడుగునా ప్రతి సమావేశంలోనూ మా పేరు పక్కన ఉంటుంది.

"పొరపాటు కింద వేసెయ్యండి," అన్నారాయన.

"నిజం కేసు సార్. ఆడమనిషి చూసింది, మేస్త్రీ చూశాడు."

"నెలాఖరు నంబర్ల గురించి నాకు ఇన్నాళ్లూ పాఠం చెప్పింది మీరే కదండీ."

"చెప్పింది నేనే సార్. అందుకే వాడు పోయాడు." అంతా చెప్పేశాను. స్పానర్ సంగతి కూడా. ఆయన ఫైలు నా వైపు జరిపి, నిజమే అని రాయమన్నారు. నా ప్రాయశ్చిత్తం అక్కడితో తీరిపోయిందనుకున్నాను. కేసు ముగించినట్టు నోటీసు రాసి, డ్రైవర్‌ని పిలిపించి, ఎఫ్ఐఆర్ నకలు కూడా జతచేసి ఇచ్చాను. "ఇది మీ ఓనరుకి చూపించు. జీపు ఉన్నట్టు పోలీసులే ఒప్పుకున్నట్టు," అన్నాను. ఆయన ఆ కాగితాలు చొక్కా జేబులో పెట్టుకోలేదు. మడత పడకుండా రెండు చేతులతో పట్టుకెళ్లాడు.

మర్నాడు ఉదయమే తిరిగొచ్చాడు. కాగితాలు నా బల్ల మీద పెట్టాడు.

"ఇవి నాకు పనికిరానేదండి."

"ఏమైంది?"

"ఆలీసం ఎందుకయ్యిందో అని ఉన్న దగ్గిర ఏటి రాసినారండి మీరు?"

నేను చదివాను. ఆసుపత్రిలో చికిత్స పొందుతూ.

"ఓనరుగారు కళ్లద్దాలెట్టుకుని సదివినారండి. 'ఒరే, నువ్వు ఏ ఆసుపత్రిలో పడుకున్నావురా? ఆ నాలుగు రోజులూ నా గుమ్మంలోనే కదా కూకున్నావు? కంప్లయింటు అప్పుడే ఇచ్చీసినానన్నావు, ఇక్కడ ఒకటో తారీకు అని ఉన్నాది. కింద సంతకం నీదే. పోలీసోళ్లకే ఇన్ని అబద్దాలు సెప్పినోడివి, జీపు మాత్రం నిజమా?' అన్నారండి. అందరి ముందరా అన్నారు. నా బదులు ఎట్టుకున్న నక్కపల్లి డ్రైవర్ని ఈ నెలాఖరుకి కాయం సేసేస్తారంట. ఇంకే ఓనరూ నన్ను ఎక్కించుకోడండి. సర్చిలో వాక్యం సదవడం కూడా ఒగ్గీసినాను."

"నేను ఒకటో తారీఖున రమ్మన్నానని ఆయనకు చెప్పలేదా?"

"నేదండి."

ఆ మాట విని నేను ఏమనుకున్నానో దాచను. నా మీద గౌరవంతో, నా ఉద్యోగానికి మాట రాకూడదని దాచాడనుకున్నాను. మనసు కరిగిపోయింది. అంత మంచివాడికి ఇంత అన్యాయం చేశానని బాధ ఎంతో, నాకు ఊళ్లో అంత మర్యాద ఉందన్న సంతోషం కూడా అంతే. యూనిఫాం సర్దుకుని, ఆయన్ని మోపెడ్ వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాను.

ఓనరు వాకిట్లో జీడిపిక్కలు ఎండబోసి, కాలితో కలబెడుతున్నాడు. అరవై దాటిన మనిషి. పక్కన తెల్ల అంబాసిడర్. ఇద్దరు ముగ్గురు కూలీలు, నక్కపల్లి డ్రైవర్ నీడలో ఉన్నారు.

"రండి రైటర్ గారూ, కూసోండి. ఈడు మిమ్మల్ని కూడా ఎంటబెట్టుకొచ్చినాడేటి?"

"నేనే వచ్చానండి. మీ డ్రైవర్ ప్రమాదం జరిగిన రోజే ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చాడు. ఒకటో తారీఖున రమ్మన్నది నేను. ఆసుపత్రి అని రాసిందీ నేనే. ఆయన అనలేదు, నేను చదివి వినిపించనూ లేదు."

ఆయన కాలు ఆపాడు. "ఎందుకు రాసినారు?"

"ఎప్పుడూ అదే రాస్తాం గనుక."

"అంటే అబద్దం పోలీసోళ్లది. అబద్దాలోడన్న పేరు మాత్రం నా డ్రైవరుకి."

"పోలీసోళ్లది కాదండి. నాది."

ఆ వాకిట్లో అందరూ విన్నారు. ఓనరు కళ్లద్దాలు తీసి పంచెతో తుడుచుకున్నాడు. "నోటి మాట నాకెందుకండీ? నిన్నటి దాకా కాగితం సూసే ఈణ్ణి తిట్టినాను. ఇప్పుడు మీరు సెప్పింది కూడా కాగితం మీద రాసియ్యండి."

అది రాస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. నా చేతిరాతతో, నా సంతకంతో, నేను తప్పుడు కారణం రాశానని ఒక ప్రైవేటు మనిషి చేతిలో ఉంటే, అది ఎప్పుడైనా పై అధికారి బల్ల మీదికి చేరవచ్చు. పదోన్నతి జాబితా ఆ ఏడాదే రావాలి. డ్రైవర్ గేటు దగ్గర నిలబడి నా వైపు చూడటం లేదు, కారు వైపు చూస్తున్నాడు. కూలీ ఒకడు ముక్కాలి పీట తెచ్చి వేశాడు. రాశాను. జీవితంలో నేను రాసిన వాటిలో అదే చిన్న కాగితం, ఆరు వరసలు. ఓనరు రెండుసార్లు చదివి, కారు కాగితాలుండే ప్లాస్టిక్ కవర్లో పెట్టాడు. నక్కపల్లి డ్రైవర్ని పిలిచి తాళం అడిగి తీసుకుని, నాతో వచ్చిన డ్రైవర్ చేతిలో పెట్టాడు. "పెళ్లి కిరాయి ఉన్నాది రేపు. బేగి రా," అన్నాడంతే.

ఆ కాగితం ఏమైందో తెలియదు. పదోన్నతి రెండేళ్లు ఆలస్యంగా వచ్చింది. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పచ్చ జీపువాడు ఇప్పటికీ దొరకలేదు. అయితే ఆ నెల నుంచి మా స్టేషన్లో నెలాఖరు ఫిర్యాదులు నెలాఖరులోనే రాశాను. ఎస్సైగారు నాలుగు సమావేశాల్లో తిట్లు తిన్నారు. అయినా నాతో ఒక్క మాట అనలేదు.

ఆ రోజు తిరుగు ప్రయాణానికి నా మోపెడ్ స్టార్టవలేదు. డ్రైవర్ దాన్ని అంబాసిడర్ డిక్కీలో ఎక్కించి తాడుతో కట్టి, "ముందర కూసోండి రైటర్ గారూ, దించీస్తాను," అన్నాడు. నెమ్మదిగా నడిపాడు. ఎదురుగా ఏది వచ్చినా పక్కకు తీసి దారి ఇచ్చాడు. నా మనసు తేలికపడింది. ఆయన మంచితనం ఆయన నోటితో వినాలనిపించింది.

"నేనే రమ్మన్నానని మీ ఓనరుకి ముందే ఒక్క మాట చెప్పి ఉంటే, ఇంత దూరం వచ్చేది కాదు కదయ్యా. నాకు ఇబ్బంది అవుతుందని ఊరుకున్నావు కదూ?"

ఆయన రోడ్డు మీదినుంచి చూపు తిప్పలేదు.

"అది కాదండి. నాను సెప్తే ఓనరుగారు మిమ్మల్ని అడుగుతారు. మీరు అలాగ అననేదని అనీసేవోరు కదండీ. కాగితం మీ సేతిలో ఉన్నాది. నానేమో రెండు పాలి అబద్దాలోణ్ణి అయిపోదును."

కోపంగా అనలేదు. దారి ఎటు పోతుందో చెప్పినట్టు చెప్పాడు.

అలా అనేవాణ్ణి కాదని చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచి, ఒకటో తారీఖు పొద్దున ఆయన చదవబోయిన కాగితాన్ని నేను చదవనివ్వకుండా వేలు చూపించి సంతకం పెట్టించడం గుర్తొచ్చి మూసేశాను. బండి స్టేషన్ ముందు ఆగింది. మోపెడ్ దించి, తాడు చుట్టుకుని, ఆయన మళ్లీ సీట్లో కూర్చున్నాక కిటికీ దగ్గరికి వెళ్లాను.

"అనేవాణ్ణేనయ్యా," అన్నాను.

ఆయన తల ఊపి, గేరు వేసి, పెళ్లి కిరాయికి బండి కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.